ముందు ముక్కు, తర్వాత నాలుక: నోటితో ఊపిరి పీల్చే పిల్లలకు ఇంట్లో చేయించే సాధన

కడప ఎర్రముక్కపల్లిలో మా ఇంటి ముందు గదే నా కుట్టు అంగడి. జాకెట్లు, డ్రెస్సులు, జూన్ వస్తే బడి యూనిఫారాలు కుడతాను. రెండేళ్ళ కిందట జూన్‌లో మా చిన్నోడికి చొక్కా కొలత తీస్తున్నాను. వాడికి అప్పుడు ఆరేళ్ళు. భుజం కొలుద్దామంటే భుజాలు ముందుకు వంగి ఉన్నాయి, మెడ ముందుకు చాచి ఉంది. "తిన్నగా నిలబడరా" అంటే నిలబడ్డాడు. నేను నెంబరు రాసుకొని తల తిప్పేలోపే మెడ మళ్ళీ ముందుకొచ్చింది. నోరు తెరిచే ఉంది.

అంతకుముందు ఏడాదంతా వాడిని "నోరు మూసుకో, ఈగలు పోతాయి" అని తిడుతూనే ఉన్నాను. మూసేవాడు. ఒక నిమిషం కాకముందే ఎగబోస్తూ తెరిచేవాడు. వాడి ముక్కులో గాలికి దారే లేదని నాకు తెలియదు. దారి లేని బిడ్డను నోరు మూయమని తిట్టిన ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఇంకో తల్లి ఆ పని చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఈ సాధనను డాక్టర్లు మయోఫంక్షనల్ థెరపీ అంటారు. పెదాలు, నాలుక, బుగ్గలు, దవడ కండరాలు చేయాల్సిన పని సరిగ్గా చేసేలా వాటికి అలవాటు చేయడం. ఇది కొత్తగా పుట్టుకొచ్చింది కాదు. 1918లోనే అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ రోజర్స్ అనే పళ్ళ డాక్టరు, పళ్ళను సరిచేయడానికి కండరాలకు కసరత్తు కావాలని రాశాడు. మా చిన్నోడికి నేర్పింది పిల్లల పళ్ళ డాక్టరమ్మ. ఆమె చెప్పిందీ, రెండేళ్ళుగా ఇంట్లో చేయిస్తూ నేను తెలుసుకున్నదీ కలిపి చెప్తాను.

నాలుక ఇల్లు పైన ఉంది

మీరు ఇది చదువుతూ మాట్లాడకుండా ఉన్నారు కదా, ఇప్పుడు మీ నాలుక ఎక్కడుందో చూసుకోండి. పెదాలు కలిసి, పళ్ళు ఒకదానికొకటి తగిలీ తగలనట్టుండి, నాలుక మొత్తం పైకి లేచి అంగిలికి ఆనుకొని ఉంటే అది దాని సరైన చోటు. కొన మాత్రమే ఆనితే చాలదు, వెనక భాగం కూడా పైకి ఉండాలి.

ఎదిగే వయసులో పై దవడ మెత్తటి మట్టిలాంటిది. బయటినుంచి బుగ్గలు లోపలికి నొక్కుతుంటాయి. లోపలినుంచి నాలుక దాన్ని వెడల్పుగా పట్టి ఉంచుతుంది. బిడ్డ నోటితో ఊపిరి పీల్చాలంటే నాలుకను కిందికి దించాల్సిందే, లేకపోతే గాలి పోదు. నాలుక దిగిపోతే బుగ్గల ఒత్తిడికి ఎదురు ఉండదు. అంగిలి ఇరుకై, గోపురంలాగా పైకి లేస్తుంది. పళ్ళకు చోటు చాలక ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. ముఖం పొడుగ్గా సాగుతుంది. నోటికి పైకప్పైన అంగిలే ముక్కుకు నేల. కాబట్టి అంగిలి ఇరుకైతే ముక్కు దారీ ఇరుకవుతుంది. అప్పుడు నోరు ఇంకా ఎక్కువ తెరుచుకుంటుంది. ఇదంతా ఒకదానికొకటి మెలిపడిన దారపు చిక్కులాంటిది. నాలుకను పైకి ఎక్కించడం ఒక కొస, ముక్కు తెరవడం ఇంకో కొస. చిక్కు విడదీయాలంటే ముక్కు కొసనే ముందు పట్టుకోవాలి.

మీ బిడ్డను ఒక వారం గమనించండి

పగలు: టీవీ చూసేటప్పుడు, హోంవర్కు రాసేటప్పుడు పెదాలు విడిపోయి ఉన్నాయా? పెదాలు ఎండి పగిలి, వాటిని నాకుతూ ఉంటాడా? అన్నం తినేటప్పుడు నోరు తెరిచి చప్పుడు చేస్తూ నములుతాడా? మేం దాన్ని మర్యాద తెలియకపోవడం అనుకున్నాం. నోట్లో అన్నం ఉన్నప్పుడు ఊపిరి తీసుకోవడానికి వాడికి వేరే దారి లేకనే అలా తింటున్నాడు.

రాత్రి: గురక, దిండు మీద చొంగ, తల వెనక్కి వాల్చి పడుకోవడం, పక్కంతా దొర్లడం, చెమటలు, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం. పొద్దున లేవగానే నోరెండిపోయి నీళ్ళడగడం, తలనొప్పి అనడం. గురక జలుబు రోజుల్లో వస్తే పెద్ద లెక్క కాదు. జలుబు లేకుండా వారంలో మూడు రాత్రులో అంతకంటే ఎక్కువో వస్తుంటే డాక్టరుకు చూపించాలి. మా అత్త వాడి గురక విని "జేజికంటే గట్టిగా పెడతాండాడే, అలసిపోయినాడు పాపం" అనేది. పిల్లలకు గురక అలసట వల్ల రాదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

వాడు నిద్రపోయిన గంట తర్వాత ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి, ఫోన్‌లో అర నిమిషం వీడియో తీయండి. ఛాతీ, ముఖం రెండూ కనపడాలి. మాటలతో ఎంత చెప్పినా అర్థం కానిది డాక్టరుకు ఆ వీడియోతో తెలిసిపోతుంది.

ఇంకో చిన్న పరీక్ష. ఒక స్టీలు ప్లేటును ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెట్టి, బిడ్డ ముక్కు కింద అడ్డంగా పట్టి, నోరు మూసి ఊపిరి వదలమనండి. రెండు ముక్కు రంధ్రాల కింద రెండు ఆవిరి మచ్చలు రావాలి. ఒకటే వస్తే, లేదా రెండూ చిన్నగా వస్తే రాసుకోండి. మన ఎండలకు చల్లబెట్టని ప్లేటు మీద మచ్చ కనపడదు, అందుకే ఫ్రిజ్. ముక్కు రంధ్రాలు రెండూ వంతులవారీగా బిగుసుకోవడం సహజం కాబట్టి రెండు మూడు పూటలు చూడండి. దీంతో రోగం పేరు తేలదు, దారి తెరిచి ఉందా లేదా అనే అంచనా మాత్రమే.

నిద్రలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్ళీ మొదలవడం, ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య గుంటలు పడడం, పెదాలు నీలంగా మారడం, పగలు కూర్చున్నచోటే నిద్రపోవడం, వయసుకు తగ్గ బరువు పెరగకపోవడం: ఇలాంటివి కనిపిస్తే కసరత్తుల గురించి ఆలోచించవద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి పోండి. పెదాలు నీలమైతే అది ఎమర్జెన్సీ.

ముక్కు తెరిపించడం

మొదట ఈఎన్‌టీ డాక్టరు. మేం మొదట పోయిన ఒక చోట బిడ్డ నోట్లోకి టార్చి వేసి చూసి, "పెద్దయితే పోతుందమ్మా" అన్నారు. ఆ మాట నమ్మి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం. ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. ముక్కు వెనక, కొండనాలుకకు పైన అడినాయిడ్స్ అనే మెత్తటి కండ ఉంటుంది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వయసులో అది ఎక్కువ పెరిగి, తర్వాత మెల్లగా కుంచించుకుపోతుంది. కానీ ముఖం, దవడ ఎక్కువగా ఎదిగేదీ ఆ ఏళ్ళలోనే. అడినాయిడ్స్ తగ్గేదాకా నోరు తెరిచి పెరిగిన దవడ, అవి తగ్గాక తనంతట తాను వెడల్పు కాదు. నోరు తెరిచే అలవాటు కూడా మిగిలిపోతుంది.

అడినాయిడ్స్ నోట్లోకి చూస్తే కనపడవు. పక్కనుంచి తీసే ఎక్స్‌రే, లేదా ముక్కులోంచి పోనిచ్చే సన్నటి కెమెరా కావాలి. రెండోసారి పోయిన డాక్టరు కెమెరాతో చూశారు. వాడికి అడినాయిడ్స్ ఒక మోస్తరుగా ఉన్నాయి, దానికి తోడు అలర్జీ. ముక్కు స్ప్రే మూడు నెలలు రాశారు. స్ప్రే డాక్టరు రాస్తేనే వాడాలి. కొట్టేటప్పుడు తల కొంచెం ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమచేత్తో కుడి రంధ్రంలో, మొన చెవి వైపు చూసేలా పట్టాలి. మధ్య గోడ మీద కొడితే ముక్కులోంచి రక్తం వస్తుంది. మాకు మొదటి వారంలో అదే జరిగింది. చేయి మార్చాక మళ్ళీ రాలేదు. స్ప్రేకు ముందు సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు వేసి చీదిస్తే మందు లోపలికి బాగా పోతుంది.

డాక్టరు అడిగిన ఒక ప్రశ్న నన్ను నిలువునా కోసింది. "బిడ్డ ఎక్కడ పడుకుంటాడమ్మా?" వాడు నా కటింగ్ బల్ల కింద పడుకునేవాడు. రాత్రి పదింటిదాకా నేను కుడుతుంటే నా కాళ్ళ దగ్గరే నిద్రపోవడం వాడికి ఇష్టం, నాకూ ఇష్టమే. ఆ గదిలో గాలి నిండా నూలు పొట్టు, గుడ్డల దుమ్ము. ఆ రోజే వాడి పక్క లోపలి గదికి మార్చాను. మీ ఇంట్లోనూ అలాంటిదేదో ఉంటుంది, వెతకండి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము, బండల పాలిష్ మిషన్ల పక్క ఇళ్ళల్లో రాతి దుమ్ము. ఇంట్లో దోమల బత్తీలు, బీడీ పొగ. ఎండాకాలం కూలర్‌లో నల్లబడిన గడ్డి నుంచి బూజు నేరుగా పిల్లల ముఖానికి కొడుతుంది. సీజన్ మొదట్లోనే గడ్డి మార్చండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్ళలో ఉతకండి. దూది బొంత ఉంటే వాడి పక్కకు వేయవద్దు. ఆవిరి పట్టడం కోసం మరిగే నీళ్ళ గిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెట్టవద్దు, ఒలికితే ఒళ్ళు కాలిపోతుంది.

మందుతో తగ్గని పెద్ద అడినాయిడ్స్, టాన్సిల్స్ ఉండి నిద్రలో ఊపిరి ఆగుతుంటే ఆపరేషన్ చేయించాలి. మా పక్కింటి పాపకు చేశారు. కసరత్తులు చేయిస్తే ఆపరేషన్ తప్పుతుందేమో అని వాయిదా వేయడం బిడ్డకు అన్యాయం. కసరత్తుల మీద నమ్మకం నాకు చాలా ఉంది కాబట్టే ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఆ పాపకు ఆపరేషన్ తర్వాత కూడా నోరు తెరిచే అలవాటు పోలేదు. అప్పుడు ఇవే కసరత్తులు ఆమెకూ పనికొచ్చాయి.

రెండోది పళ్ళ డాక్టరు. పిల్లల పళ్ళు చూసేవాళ్ళు గానీ, క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్టు గానీ అయితే మంచిది. కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, ఖర్చుకు భయపడి ఆగిపోవద్దు. అంగిలి వెడల్పు చూడమనండి, నాలుక కింది తీగ చూడమనండి. నాలుక చాపితే కొన హృదయం ఆకారంలో గుంటపడితే, లేదా నోరు తెరిచి కొనను పై పళ్ళ వెనక ఆనించలేకపోతే తీగ పొట్టిగా ఉందని అనుమానించాలి. దాన్ని కత్తిరించాలా వద్దా అనేది డాక్టరు తేలుస్తారు.

మా వాడికి తీగ బాగానే ఉంది. కానీ పైవీ కిందివీ ముందు పళ్ళు కలవడం లేదు, మధ్యలో సందు. మింగేటప్పుడల్లా నాలుక ఆ సందులోంచి ముందుకు తోసుకొస్తోంది.

కసరత్తులు

ఇవి నాలుగైదేళ్ళు దాటి, చెప్పింది విని చేయగల పిల్లలకు. మేం పొద్దున పళ్ళు తోమాక ఏడెనిమిది నిమిషాలు, రాత్రి పడుకునే ముందు ఏడెనిమిది నిమిషాలు చేస్తాం. ట్రయల్ కోసం అంగట్లో పెట్టిన నిలువుటద్దం ముందు ఇద్దరం పక్కపక్కన కూర్చొని చేస్తాం. అద్దం తప్పనిసరి. తల్లీతండ్రీ పక్కన కూర్చొని తామూ చేయడం అంతకంటే తప్పనిసరి. నేను కుడుతూ "చేయిరా" అని అరిచిన రోజుల్లో వాడు ఒక్కటీ సరిగ్గా చేయలేదు.

మొదటిది చోటు గుర్తుపట్టడం. "త" అనమనండి, నాలుక పళ్ళకు తగులుతుంది. "ళ" అనమనండి, నాలుక వెనక్కి మడుచుకొని అంగిలి మధ్యకు పోతుంది. ఈ రెండిటికీ నడుమ, పై ముందు పళ్ళకు కొంచెం వెనక, ముడతలున్న చిన్న గట్టు ఉంటుంది. అదే చోటు. "న న న" అంటూ నాలుకను పళ్ళ నుంచి ఒక్క పిసరు వెనక్కి జరిపితే దొరుకుతుంది. మా వాడికి మాటలతో దొరకలేదు. చేతులు కడుక్కొని, వేలితో ఆ గట్టు మీద ఒక చుక్క తేనె రాసి, నాలుక కొనతో నాకమన్నాను. రెండు రోజుల్లో దారి తెలిసిపోయింది. తర్వాత నోరు రెండు వేళ్ళ వెడల్పు తెరిచి, కొనను అక్కడ ఆనించి పది లెక్కపెట్టడం, పదిసార్లు. దవడ కదలకూడదు, నాలుక మాత్రమే లేవాలి. దవడ నాలుకతో పాటు పైకి వస్తుంటే గడ్డం కింద మీ వేలు ఆనించి గుర్తుచేయండి.

రెండోది టక్కు. మా నాయన ఎద్దుల్ని తోలేటప్పుడు నాలుకను అంగిలికి అంటించి టక్ టక్‌మని చప్పుడు చేసేవాడు, అదే. నాలుక మొత్తం అంగిలికి అతుక్కొని, ఒక్కసారిగా ఊడాలి. చప్పుడు లోతుగా, గట్టిగా రావాలి. కొన మాత్రమే కొడితే పలుచటి చప్పుడు వస్తుంది, అది లెక్కలోకి రాదు. ఇరవైసార్లు. మా వాడికి అన్నిటికంటే ఇదే ఇష్టం. సెలవుల్లో పులివెందుల దగ్గర మా ఊరికి పోయినప్పుడు తాతా మనవడూ పోటీలు పెట్టుకున్నారు.

మూడోది అతుకు. టక్కు కొట్టబోయే ముందు నాలుక అంగిలికి అతుక్కొని ఉంటుంది చూడండి, అక్కడే ఆపాలి. ఊడకుండా నోరు ఎంత తెరవగలిగితే అంత తెరవాలి. అద్దంలో నాలుక కింది తీగ బిగిసి కనిపిస్తుంది. పది లెక్కపెట్టి మూయాలి. నిజంగా నాలుకకు బలం వచ్చేది దీంతోనే. మొదటి వారం మా వాడికి మూడు లెక్కపెట్టేలోపే ఊడిపోయేది. కొందరు పిల్లలకు దవడ కీలు దగ్గర నొప్పి అనిపించవచ్చు. అలాగైతే నోరు తక్కువ తెరిపించండి, నొప్పి పోకపోతే ఆపి డాక్టరును అడగండి.

నాలుగోది గుండీ. ఇది నా అంగట్లో సామానుతోనే జరిగిపోయింది. కోటుకు వేసే పెద్ద గుండీ, అంగుళం వెడల్పుది, అంచులు నున్నగా ఉండాలి. నాలుగు రంధ్రాలదైతే ఎదురెదురు రంధ్రాల్లోంచి జీన్స్ కుట్టే మందపాటి దారం రెండు పేటలుగా తీసి, జానెడు వదిలి గట్టిగా ముడివేయండి. ముడి వేశాక మీ బలమంతా పెట్టి లాగి చూడండి, తెగేదైతే మీ చేతిలోనే తెగాలి. వేడినీళ్ళతో కడగండి. బిడ్డ పళ్ళు కరిచి పట్టాలి. గుండీ పళ్ళకు బయట, పెదాలకు లోపల ఉండాలి. పెదాలు మూశాక మీరు దారాన్ని మెల్లగా నేరుగా ముందుకు లాగండి. బిడ్డ పెదాల బలంతోనే ఆపాలి. పది లెక్కపెట్టేదాకా ఒకసారి, అలా ఐదుసార్లు. దారం ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. పడుకొని చేయకూడదు, బిడ్డ చేతికిచ్చి మీరు లోపలికి పోకూడదు, ఐదేళ్ళలోపు పిల్లలకు వద్దు. కదులుతున్న పాలపళ్ళు ముందుంటే అవి ఊడేదాకా ఆపండి.

ఐదోది మింగడం. అన్నిటికంటే కష్టమైనది, ఎక్కువ ఓపిక కావాల్సినదీ ఇదే. మనం రోజుకు వందలసార్లు మింగుతాం, ఎక్కువ భాగం ఉమ్మే. ప్రతిసారీ నాలుక పళ్ళను ముందుకు తోస్తే, పూటకు ఎనిమిది నిమిషాల కసరత్తు దాన్ని ఎట్లా గెలుస్తుంది? కాబట్టి మింగే తీరునే మార్చాలి. ఒక గుక్క నీళ్ళు నోట్లో పట్టి, కొన చోటు మీద పెట్టి, వెనక పళ్ళు కరిచి, పెదాలు విడదీసి అద్దంలో చూస్తూ మింగమనండి. నాలుక పళ్ళ సందులోంచి తొంగిచూడకూడదు. గడ్డం మీద చర్మం ముడతలు పడకూడదు, పెదాలు బిగపట్టకూడదు. మొదట్లో నీళ్ళన్నీ చొక్కా మీదే పడతాయి, టవలు కట్టండి. మాకు నీళ్ళు సరిగ్గా మింగడానికే ఐదు వారాలు పట్టింది. తర్వాత పెరుగన్నం, ఆ తర్వాత మామూలు కూడు. రోజుకు ఒక్క పూట భోజనంలో మొదటి ఐదు ముద్దలు మాత్రమే గుర్తుపెట్టుకొని మింగమన్నాను. ప్రతి ముద్దకూ చెప్తే బిడ్డకు తిండి మీదే విరక్తి పుడుతుంది.

ఇక పెదాలు మూసి ఉంచడం. కడిగిన ఐస్‌క్రీం పుల్లను పళ్ళు తగలకుండా పెదాలతో మాత్రమే అడ్డంగా పట్టుకోవాలి, ముక్కుతో ఊపిరి. ఎక్కాలు రాసేటప్పుడు, బొమ్మలు చూసేటప్పుడు. ఒక నిమిషంతో మొదలుపెట్టి, వారానికి ఒక నిమిషం పెంచుకుంటూ పోయాం. స్ప్రేతో ముక్కు దారి తెరుచుకున్నాకే ఇది మొదలుపెట్టాం. ముక్కు మూసుకున్న బిడ్డకు ఇది శిక్ష.

చివర్లో పడుకునే ముందు పెదాలు మూసి, నాలుక పైకి పెట్టి "మ్‌మ్‌మ్" అని తుమ్మెదలాగా సాగదీయడం, ఆరేడు సార్లు. ముక్కు చుట్టూ ఉండే సైనస్ గదుల్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారవుతుంది, అది గాలి దారులకు మేలు చేస్తుంది. మామూలుగా ఊపిరి వదిలినప్పటికంటే ఇలా "మ్‌మ్" అన్నప్పుడు ముక్కులోంచి అది దాదాపు 15 రెట్లు ఎక్కువ వస్తుందని 2002లో స్వీడన్ పరిశోధకులు కొలిచారు. మా వాడికి ఆ లెక్కలతో పని లేదు. చీకట్లో ఇద్దరం కలిసి "మ్‌మ్" అంటుంటే వాడికి నవ్వొచ్చి, తర్వాత నిద్రొస్తుంది.

రాత్రిళ్ళు నోటికి టేపు అంటిస్తే సరిపోతుందని వీడియోలు తిరుగుతున్నాయి. పిల్లలకు ఎప్పుడూ అంటించవద్దు. ముక్కు మూసుకుపోయినా, వాంతి వచ్చినా ఊపిరాడక ప్రాణం మీదికొస్తుంది.

నమిలే తిండి

డాక్టరమ్మ "ఏం తింటాడు?" అని అడిగితే గర్వంగా రాగిసంగటి అని చెప్పాను. ఆమె కూడా ఈ వైపు మనిషే, నవ్వింది. సంగటి ముద్ద చేసి పులుసులో అద్ది మింగుతాం, నమలం. ఒంటికి అది మంచిదే, కానీ దవడకు పని ఉండదు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి సంగటి. రోజంతా బిడ్డ నమిలింది ఏమీ లేదు. సంగటి మానలేదు మేం. వారంలో మూడు రాత్రులు జొన్నరొట్టె, సాయంత్రం జామకాయ ముక్కలు, ఉడికించిన మొక్కజొన్న కంకి, పచ్చి క్యారెట్, చెనిక్కాయల ఉండ చేర్చాం. పెదాలు మూసి, రెండు వైపులా నమలాలి. నాలుగేళ్ళలోపు పిల్లలకు గింజలు, గట్టి ముక్కలు పెట్టవద్దు, గొంతుకు అడ్డం పడతాయి. నమిలితే దవడ వెడల్పవుతుందని నేను చెప్పడం లేదు. కండరాలు మేలుకుంటాయి, పెదాలు మూసి తినే అలవాటు వస్తుంది.

ఇంకా చిన్న పిల్లలకైతే పాలసీసా ఏడాది దాటాక మాన్పించి గ్లాసుతో తాగించడం, వేలు చీకడం మెల్లగా తప్పించడం చాలు.

ఎన్నాళ్ళు పడుతుంది

మా వాడికి పగటిపూట పెదాలు కలవడానికి రెండు నెలలు పట్టింది. రాత్రి నోరు మూసి పడుకోవడం ఐదో నెలలో మొదలైంది, అదీ రోజూ కాదు. గురక స్ప్రేతో సగం, మిగిలింది ఆ తర్వాత తగ్గింది. పొద్దున తలనొప్పి పూర్తిగా పోయింది. ముందు పళ్ళ సందు సగమే తగ్గింది. అంగిలి వెడల్పు చేసే అప్లయన్స్ ఇప్పుడు పెట్టారు. కసరత్తుతోనే అన్నీ సరైపోతాయని ఎవరైనా మీకు ప్యాకేజీ అమ్మితే ఆగి ఆలోచించండి. 2015లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్షలో, నిద్రలో ఊపిరి ఆగే లెక్క పిల్లల్లో సుమారు 62 శాతం తగ్గినట్టు కనిపించింది. కానీ అందులో ఉన్న పిల్లలు చాలా తక్కువమంది. డాక్టరమ్మ ఈ రెండు మాటలూ కలిపే చెప్పింది, అందుకే ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

మధ్యలో తప్పకుండా మానేయాలనిపించే వారాలొస్తాయి. మాకు దసరా అప్పుడు, బడి పరీక్షలప్పుడు, పెళ్ళిళ్ళ సీజన్‌లో నాకు కుట్టు పని ఎక్కువైనప్పుడు వచ్చాయి. అలాంటి రోజుల్లో అతుకు, మింగడం రెండే చేయించాను, మూడు నిమిషాలు. మొత్తం మానేయలేదు. గోడ మీద క్యాలెండర్‌లో చేసిన రోజుకు గుడ్డల మీద గీసే సుద్దతో వాడే గీత పెట్టేవాడు. వదిలేసిన రోజుకు నేను ఏమీ అనలేదు.

జలుబు చేస్తే గుండీ, ఐస్‌క్రీం పుల్ల ఆపేయండి. సెలైన్ చుక్కలు, తలకింద కొంచెం ఎత్తు, టక్కు, అంతే. జలుబు తగ్గిన మూడో రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి, లెక్క పదికి కాకుండా ఐదుకు దించి. రెండు వారాలు దాటినా ముక్కు తెరుచుకోకపోతే ఈఎన్‌టీ దగ్గరికి పోండి. డాక్టరు దగ్గరికి పోయే ప్రతిసారీ కొత్తగా తీసిన రాత్రి వీడియో, ఆ క్యాలెండర్ పేజీల ఫోటో, మీరు వాడుతున్న గుండీ వెంట తీసుకెళ్ళండి. సరైన సైజేనా, దారం అరిగిందా అని వాళ్ళే చూసి చెప్తారు. మాది రెండుసార్లు మార్చాం.